వరంగల్ పోలీస్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ: మా తలుపు కొట్టే ముందు మీవాళ్లకు నేర్పించండి

గౌరవనీయులైన కమిషనర్ గారికి నమస్కారం.

నేను హనుమకొండలో ఉంటాను. ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. 2019 ఆగస్టులో ఒక రాత్రి పదకొండు దాటాక మా తమ్ముడి కోసం నేనే 100కు ఫోన్ చేశాను. ఆ ఫోన్ గురించి, మానసిక జబ్బు ఉన్న మనిషితో ఎలా మాట్లాడాలో పోలీసులకు నేర్పడం గురించే ఈ లేఖ.

అప్పటికి వాడికి ఇరవై ఆరేళ్లు. జబ్బు డిగ్రీ రెండో ఏడాదిలో మొదలైంది. స్కిజోఫ్రీనియా అన్నారు డాక్టరు గారు. మాత్రలు వేసుకుంటే బాగానే ఉండేవాడు, ట్యూషన్లు చెప్పేవాడు, అమ్మను గుడికి తీసుకుపోయేవాడు. చేతులు వణుకుతున్నాయని, పొద్దంతా మత్తుగా ఉంటోందని ఆ నెల మాకు చెప్పకుండా మందులు మానేశాడు. మూడు రాత్రులు నిద్ర లేదు. పక్కింటి ఇన్వర్టర్ చప్పుడులోంచి ఎవరో తనను తిడుతున్నారని, తెల్లారేలోపు వచ్చి పట్టుకుపోతారని అన్నాడు. గదిలోకి పోయి గొళ్లెం పెట్టుకున్నాడు. చేతిలో కూరగాయల కత్తి ఉంది. మమ్మల్ని ఏమన్నా చేస్తాడని మాకు భయం లేదు, తనను తాను ఏం చేసుకుంటాడోనని భయం. అమ్మ తలుపు దగ్గర కూలబడి ఏడుస్తోంది. నాకు ఇంకో దారి తోచలేదు.

పోలీసులు త్వరగానే వచ్చారు. సైరన్ మోగుతూనే వచ్చింది బండి. వీధి వీధంతా లేచి మా గేటు ముందు నిలబడింది. ముగ్గురు పోలీసులు లోపలికి వచ్చారు, ముగ్గురూ ఒకేసారి అరిచారు. "బయటికి రారా", "కత్తి కింద పడెయ్", "తలుపు పగలగొడుతున్నం". కిటికీలోంచి టార్చి వాడి మొహం మీద కొట్టారు. ఎవరో వచ్చి పట్టుకుపోతారని మూడు రోజులుగా వణికిపోతున్న మనిషి ఆ రాత్రి కిటికీలోంచి చూసింది అదే. వాడి భయం నిజమైంది. వాడికి వినిపిస్తున్న అరుపులకు ఇంకో మూడు అరుపులు తోడయ్యాయి.

తలుపు విరిగింది. భుజం మీద, మోకాలి మీద లాఠీ దెబ్బలు పడ్డాయి. చేతులు వెనక్కి విరిచి తాడుతో కట్టారు. లుంగీ జారిపోతుంటే సర్దుకోనివ్వలేదు. వీధిలో పిల్లలు సెల్‌ఫోన్లలో వీడియోలు తీశారు. ఆ రాత్రి వాడు లాకప్‌లో ఉన్నాడు. పొద్దున పదింటికి, "ఆస్పత్రిల చూపించుకోండి" అని మాకే అప్పజెప్పారు.

అది ఏ స్టేషనో నేను రాయడం లేదు. అప్పుడున్నవాళ్లు అక్కడ ఇప్పుడు లేరు. వాళ్లు చెడ్డవాళ్లని నేను అనుకోను కూడా. తెల్లవారుజామున వాళ్లలో ఒక కానిస్టేబుల్ అమ్మకు చాయ్ తెచ్చి ఇచ్చి, పక్కనే గోడకు ఆనుకుని నిలబడి ఒక మాట అన్నాడు. "కత్తి చూడంగనే మాక్కూడ భయమైందమ్మా. ఇసొంటోళ్లతోని ఎట్ల మాట్లాడాల్నో మాకెవరు చెప్పిన్రు?"

సార్, ఆరేళ్లుగా నా మనసులో ఉన్నది ఆ ప్రశ్నే. వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. ఇది నా అభిప్రాయం కాదు, చట్టమే అంటోంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 30వ సెక్షన్‌లో, పోలీసులతో సహా ప్రభుత్వ అధికారులందరికీ ఈ విషయాల మీద ఎప్పటికప్పుడు అవగాహన శిక్షణ ఇవ్వాలని స్పష్టంగా ఉంది. అంటే ఆ కానిస్టేబుల్‌కు ఆ శిక్షణ పొందే హక్కు ఉంది. అది అందకుండా మా ఇంటికి పంపడం వల్ల మా తమ్ముడితో పాటు ఆయనకూ అన్యాయం జరిగింది.

అదే చట్టంలో 100వ సెక్షన్ పూర్తిగా పోలీసుల గురించే. మానసిక జబ్బుతో తనను తాను చూసుకోలేని స్థితిలో ఎవరైనా తిరుగుతుంటే, లేదా వాళ్లవల్ల వాళ్లకు గాని ఎదుటివాళ్లకు గాని ప్రమాదం ఉందని అనిపిస్తే స్టేషన్ అధికారి ఆ మనిషిని రక్షణలోకి తీసుకోవాలి. అరెస్టు అనలేదు, రక్షణ అంది చట్టం. ఎందుకు తీసుకుపోతున్నారో ఆ మనిషికి చెప్పాలి, అర్థం చేసుకునే స్థితిలో లేకపోతే ఆ మనిషి తరఫు ప్రతినిధికి చెప్పాలి. వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ లాకప్‌లో గాని జైల్లో గాని ఉంచకూడదు. ఇవన్నీ మా తమ్ముడి విషయం జరిగిన తర్వాత కూర్చుని చదువుకున్నాను. ఆ రాత్రికి ఈ చట్టం వచ్చి ఏడాది దాటింది. స్టేషన్‌లో ఎవరికీ తెలియదు, మాకూ తెలియదు.

ఇక రెండో రాత్రి గురించి చెప్పాలి. అది చెప్పకపోతే మొదటి రాత్రి చెప్పి లాభం లేదు.

2023లో చలికాలంలో మళ్లీ వాడికి బాగా లేకుండా వచ్చింది. ఈసారి డాబా ఎక్కాడు, పిట్టగోడ మీద కూర్చున్నాడు. పాత అనుభవంతో నేను ఫోన్ చేయడానికి వెనకాడాను. చివరికి పక్కింటాయన చేశాడు. ఇద్దరు వచ్చారు, అందులో ఒకరు మహిళా కానిస్టేబుల్, పాతికేళ్లు కూడా ఉండవు. ఆమె మొదట చేసిన పని బండి మలుపు దగ్గరే ఆపించడం. తర్వాత, "అందరు ఇండ్లల్లకు పోండి, ఫోన్లు జేబుల పెట్టుకోండి" అని వీధిని ఖాళీ చేయించింది. తనతో వచ్చినాయన్ని కిందనే ఉండమంది. నన్ను పక్కకు పిలిచి మూడే అడిగింది. పేరేంటి? ఏ మందులు వాడుతున్నాడు, ఎప్పటి నుంచి మానేశాడు? ఇంట్లో ఎవరి మాట వింటాడు?

డాబా మీదికి ఒక్కతే వెళ్లింది. వాడికి దగ్గరగా పోలేదు. నీళ్ల ట్యాంకు దగ్గర, ఆరేడు అడుగుల దూరంలో, కిందనే కూర్చుంది. టోపీ తీసి పక్కన పెట్టింది. పేరు పెట్టి పిలిచి, "అన్నా, నేను పోలీసునే, కాని నిన్ను పట్టుకపోనీకి రాలేదు. అన్నం తిన్నవా?" అంది. వాడు ఏమీ అనలేదు. ఆమె కూడా ఏమీ అనలేదు. మెట్ల మీద నిలబడ్డ నాకు ఆ నిశ్శబ్దం భరించలేనంతగా అనిపించింది. ఆమె మాత్రం తొందర పడలేదు. కాసేపటికి వాడే, "వాళ్లు నన్ను దూకమంటున్రు" అన్నాడు. "ఎవరూ అంటలేరు, అదంతా నీ భ్రమ" అని ఆమె అనలేదు. "అవును, నాకూ వినిపిస్తున్నయి" అని అబద్ధమూ ఆడలేదు. "నాకైతే వినపడ్తలేవన్నా. కాని నీకు వినపడ్తున్నయంటె మస్తు భయమైతుండాలె" అంది. తర్వాత నేరుగా అడిగింది, "దూకాలని అనిపిస్తున్నదా?" అని. నా గుండె ఆగినంత పనైంది. అలా అడిగితే గుర్తు చేసినట్టు అవుతుందని మేం ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. వాడు ఏడ్చాడు. "దూకొద్దనే కూసున్న" అన్నాడు.

నలభై నిమిషాలు పట్టింది. వాడు తనంతట తానే మెట్లు దిగి వచ్చాడు. తాడు లేదు, దెబ్బ లేదు. బండిలో నన్ను వాడి పక్కన కూర్చోబెట్టింది. ఆసుపత్రిలో చేర్చుకునేదాకా ఉంది.

ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని తర్వాత అడిగాను. శిక్షణలో అనుకున్నాను. ఆమె కాదన్నట్టు తల ఊపింది. "మా బాపుకు గిట్లనే ఉండె మేడం" అంది.

కమిషనర్ గారూ, మా తమ్ముడు ప్రాణాలతో ఉన్నది ఆమె తండ్రికి కూడా ఆ జబ్బు ఉండబట్టి. వచ్చే పోలీసు ఇంట్లో కూడా ఒక రోగి ఉంటే బతుకుతాం, లేకపోతే దెబ్బలు తింటాం అన్నట్టు ఉంది ఇప్పటి పరిస్థితి. ఆమె చేసిన ప్రతి పనీ నేర్పితే వచ్చేదే. గుంపును చెదరగొట్టడం, ఒక్కరే మాట్లాడటం, దూరం ఇవ్వడం, పేరు అడగడం, భ్రమతో వాదించకపోవడం, దాన్ని ఒప్పుకోకపోవడం, చావు మాట నేరుగా అడగడం, సమయం ఇవ్వడం. మామూలుగా దొంగనో రౌడీనో పట్టుకునేటప్పుడు పోలీసుకు నేర్పేది దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అక్కడ గొంతు పెంచాలి, మీద పడాలి, తొందరగా ముగించాలి. అందుకే మంచి పోలీసు కూడా మా ఇంట్లో తప్పు చేస్తాడు. అతనికి వచ్చిన ఒక్క పద్ధతినే వాడతాడు.

వేరే చోట్ల దీన్ని నేర్పుతున్నారు. అమెరికాలో టెన్నెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరంలో 1987లో మానసిక జబ్బుతో కత్తి పట్టుకుని ఉన్న ఒక యువకుణ్ణి పోలీసులు కాల్చి చంపారు. ఊరు ఊరంతా కదిలింది. మరుసటి ఏడాది అక్కడి పోలీసులు, డాక్టర్లు, రోగుల కుటుంబాలు కలిసి ఒక పద్ధతి తయారు చేశారు. ఇష్టపడి ముందుకొచ్చిన పోలీసులకు 40 గంటల శిక్షణ ఇస్తారు. పాఠాలు డాక్టర్లతో పాటు జబ్బుతో బతికినవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు కూడా చెప్తారు. ఇలాంటి శిక్షణల్లో చాలాచోట్ల ఒక అభ్యాసం ఉంటుంది. పోలీసు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి తిట్లు, గుసగుసలు వినిపిస్తూ, అదే సమయంలో ఒక ఫారం నింపమంటారు, ప్రశ్నలు అడుగుతారు. చెవిలో అంత గోల ఉంటే "చెప్పింది వినవా" అన్న అరుపు ఎందుకు బుర్రకెక్కదో అప్పుడు తెలుస్తుంది. అక్కడి పోలీసుల చేతిలో తుపాకి, ఇక్కడ లాఠీ. రెండూ ఒకటని నేను అనను. కాని తలుపు వెనక ఉన్న మనిషి భయం ఎక్కడైనా ఒకటే.

మనకు కావాల్సినవన్నీ మన దగ్గరే ఉన్నాయి. మామునూరులో పోలీసు శిక్షణ కేంద్రం ఉంది. కాకతీయ మెడికల్ కాలేజీ, ఎంజీఎం ఆసుపత్రి ఉన్నాయి, వాటిలో మానసిక వైద్య విభాగం ఉంది. శిక్షణ కేంద్రానికి, ఎంజీఎంకు మధ్య ఎంత దూరం సార్? కొత్త కానిస్టేబుళ్లకు తొమ్మిది నెలల శిక్షణ ఉంటుంది. అందులో ఐదు రోజులు దీనికి ఇవ్వండి. ఒక రోజు పూర్తిగా మానసిక వైద్యుల ఓపీలో కూర్చోబెట్టండి, రోగిని చొక్కా ప్యాంటులో మామూలు మనిషిగా చూడనివ్వండి. ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లలో ప్రతి స్టేషన్ నుంచి ఇద్దరు ముగ్గురిని, వాళ్లకై వాళ్లు ముందుకొచ్చినవాళ్లను తీసుకుని నేర్పండి. వాళ్లలో ఒకరైనా రాత్రి డ్యూటీలో ఉండేలా చూడండి. మా ఇళ్లలో గొడవ ఎక్కువగా రాత్రిపూటే జరుగుతుంది.

ఇక్కడ టీచర్‌గా ఒక మాట చెప్పాలి. మాకు ప్రతి ఏడాదీ శిక్షణలు ఉంటాయి, అవి ఎలా నడుస్తాయో నాకు తెలుసు. ఒక హాలు, తెర మీద స్లైడులు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సంతకం. మర్నాడు క్లాసులో ఏమీ మారదు. దయచేసి దీన్ని అలా చేయకండి. సెక్షన్లు చదివి వినిపిస్తే కానిస్టేబుల్‌కు లాకప్‌లో పెట్టకూడదని తెలుస్తుంది, డాబా మీద ఏం మాట్లాడాలో తెలియదు. నటించి చూపించాలి, వాళ్లతో చేయించాలి, తప్పు చేసినప్పుడు ఆపి మళ్లీ చేయించాలి. ఎక్కాలు ఎలా నేర్పుతామో అలా, నోటికి వచ్చేదాకా.

శిక్షణ ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే కూడా కుదరదు. నేర్చుకున్న కానిస్టేబుల్ రాత్రి ఒంటిగంటకు మనిషిని మెల్లగా నచ్చజెప్పి ఆసుపత్రికి తెచ్చాడనుకోండి. అక్కడ కాగితాలు అడుగుతారు, బెడ్ లేదంటారు, ఎర్రగడ్డకు తీసుకుపొమ్మంటారు. ఎర్రగడ్డ అంటే హైదరాబాద్‌లోని మానసిక వైద్యశాల, నూట యాభై కిలోమీటర్ల దూరం. స్టేషన్‌లో ఉన్నదే నలుగురు, అందులో ఇద్దరు రాత్రంతా రోడ్డు మీద. ఇలా రెండుసార్లు అయ్యాక మూడోసారి ఆ కానిస్టేబుల్, "మీ ఇంట్లోనే గదిల పెట్టి తాళమేసుకోండి" అంటాడు. అతన్ని తప్పు పట్టలేం. మెంఫిస్ పద్ధతిలో సగం బలం ఆసుపత్రిదే. పోలీసు తెచ్చిన మనిషిని ఏ వేళైనా కాదనకుండా తీసుకునే ఒక చోటు ఉంది, పోలీసు అప్పగించి త్వరగా డ్యూటీకి పోవచ్చు. మన చట్టం కూడా ఆసుపత్రికి తెచ్చాక పరీక్ష చేయించే బాధ్యత అక్కడి వైద్యాధికారి మీదే పెట్టింది. మీరూ కలెక్టర్ గారూ ఆసుపత్రి సూపరింటెండెంట్లూ ఒక్క పూట కూర్చుంటే, రాత్రిపూట మనిషిని ఎవరు తీసుకుంటారు, ఏ కాగితం చాలు అన్నది తేలిపోతుంది. ఆ కాగితం నమూనా ప్రతి స్టేషన్‌లో ఉండాలి. బ్లూకోల్ట్స్ గస్తీ బైకుల మీద, పెట్రోలింగ్ కార్లలో 14416 నంబరు అంటించండి. అది టెలిమానస్ నంబరు, అంటే మానసిక సమస్యలకు ఫోన్లోనే సాయం చేసే ప్రభుత్వ సేవ, 2022 అక్టోబరు నుంచి ఉంది, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. డాబా కింద నిలబడ్డ కానిస్టేబుల్‌కు కూడా అది పనికొస్తుంది.

ఇది మా తమ్ముడిలాంటి కొద్దిమంది గొడవ అనుకునేవాళ్లు ఉంటారు. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ దేశవ్యాప్తంగా చేసిన సర్వేలో పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఉందని, వాళ్లలో చాలామందికి వైద్యమే అందడం లేదని తేలింది. డాక్టరు దగ్గరికి వెళ్లని మనిషి దగ్గరికి మొదట వెళ్లేది ఎవరు? పోలీసే. కాజీపేట జంక్షన్‌లో ఏ రైల్లోంచో దిగి, ఏ భాషో మాట్లాడుతూ, చింపిరి జుట్టుతో తిరిగే మనిషి దగ్గరికి వెళ్లేది పోలీసే. ఆ మనిషి గురించి కూడా తప్పిపోయినట్టు ఎఫ్ఐఆర్ రాసి ఇంటివాళ్లను వెతకాలని అదే 100వ సెక్షన్ చెప్తోంది. "పిచ్చోడు, వదిలెయ్" అని మనం దాటిపోతాం, పోలీసు దాటిపోవడానికి లేదు. బాణామతి (చేతబడి) చేసిందని ఊళ్లో ఒక ముసలమ్మను స్తంభానికి కట్టేస్తే వెళ్లేదీ పోలీసే. కొన్నిసార్లు ఆ గొడవకు మూలం ఆమెలోనో, ఆమె మీద నింద వేసిన ఇంట్లోనో ఉన్న, వైద్యం అందని మానసిక జబ్బే. మీ కళాజాత బృందాలు మూఢనమ్మకాల మీద ఊరూరా పాడుతున్నాయి. అందులో ఈ ఒక్క మాట కలిపితే ఎంతో మేలు.

పురుగుల మందు సంగతి విడిగా చెప్పక తప్పదు. 1997-98లో పత్తి పంట పోయి మన జిల్లాలో రైతులు వరసగా మందు తాగి చనిపోయారు. నా చిన్నప్పుడు మా ఊళ్లో ఆ వాసన నాకు తెలుసు. అప్పట్లో ఆత్మహత్యాయత్నం నేరం, ఐపీసీ 309 సెక్షన్ కింద కేసు. కేసవుతుందని భయపడి పెద్దాసుపత్రికి తీసుకుపోకుండా ఆర్‌ఎంపీ దగ్గరే ఆగినవాళ్లు ఉన్నారు. ఇప్పుడు అలా లేదు. చనిపోవాలని ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 చట్టం 115వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత 309 లేదు. కాని వాంగ్మూలం రాసుకోవడానికి మంచం దగ్గరికి వచ్చే పోలీసు గొంతు మారిందా? "ఎందుకు తాగినవ్? పెండ్లాం పిల్లలు యాదికి రాలేదా?" అని అడగడం నేను విన్నాను. కడుపు కడిగించుకుని పడుకున్న రైతుకు ఆ ప్రశ్న ఇంకోసారి మందు తాగించినట్టే. ఆ మంచం దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుని, "ఇప్పుడెట్లుందే నాయినా?" అని మొదలుపెట్టడం కూడా నేర్పాల్సిన విషయమే.

మీవాళ్లకు ఓపిక లేదని నేను అనడం లేదు. మేడారం జాతరలో చూశాను. లక్షల మంది జనంలో, దుమ్ములో, నిద్ర లేకుండా, తప్పిపోయిన పిల్లను ఎత్తుకుని బిస్కెట్ తినిపిస్తూ మైకులో తల్లి కోసం పిలిచిన పోలీసును చూశాను. ఆ పిల్లతో ఎవరూ గద్దించి మాట్లాడలేదు, భయపడి ఉందని వాళ్లకు తెలుసు కనుక. మా తమ్ముడు కూడా ఆ రోజు తప్పిపోయినవాడే. పెద్ద మనిషి ఒళ్లు, చేతిలో కత్తి ఉండేసరికి వాడి భయం ఎవరికీ కనిపించలేదు.

ఇంకొకటి. పండుగ లేదు, పబ్బం లేదు, బందోబస్తులు, సెలవు దొరకదు, ఇంట్లో పిల్లల మొహం చూడరు. పోలీసుల్లోనూ ప్రాణాలు తీసుకుంటున్నవాళ్లు ఉన్నారు, పేపర్లో చదివినప్పుడల్లా ఆ చాయ్ తెచ్చిన కానిస్టేబుల్ గుర్తొస్తాడు. టెన్షన్‌లో ఉన్న మనిషిని ఎలా పలకరించాలో నేర్చుకున్నవాళ్లు పక్క బెంచీ మీద తల వంచుకుని కూర్చున్న తోటి కానిస్టేబుల్‌ని కూడా పలకరిస్తారు. ఈ శిక్షణ అడిగేటప్పుడు మా ఇంటి కోసం ఎంత అడుగుతున్నానో వాళ్ల కోసం కూడా అంతే అడుగుతున్నాను.

మీకు ఈ లేఖ చేరితే, మొదటి బ్యాచ్ పెట్టే రోజు చెప్పండి. నేను వస్తాను. మా తమ్ముడూ వస్తానంటున్నాడు. ఇప్పుడు మందులు మానడం లేదు, వణుకు తగ్గేలా డాక్టరు గారు మార్చి ఇచ్చారు. మళ్లీ ట్యూషన్లు చెప్తున్నాడు. ఈ లేఖ అచ్చుకు ఇచ్చే ముందు వాడికి చదివి వినిపించాను, తన సంగతి రాయడానికి వాడు ఒప్పుకున్నాకే ఇస్తున్నాను. లుంగీ మాట తీసేద్దామా అని అడిగితే, "ఉండనీ అక్కా, అదే ఎక్కువ బాధనిపించింది" అన్నాడు. అరగంట మాట్లాడతాడట. ఆ రాత్రి లోపలి నుంచి ఎలా కనిపించిందో చెప్తాడట. ఒక్కటి మాత్రం అడగమన్నాడు. ఆ హాల్లో ముందు వరసలో ఆ మహిళా కానిస్టేబుల్ కూర్చుంటే బాగుంటుందట, ఆమెను చూస్తూ మాట్లాడతాడట.

ఇట్లు,
ఒక అక్క,
హనుమకొండ